ఎవరి కుండలోని నీళ్ళు? - సమరయ స్త్రీ వృత్తాంతం, తెలుగు కథలో బావి

యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలోని సమరయ స్త్రీ వృత్తాంతం తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పుట్టిపెరిగిన వారికి ఊహ తెలిసిన నాటి నుంచి పరిచయమైనదే. బావి, దాని పక్కన కూర్చున్న క్రీస్తు, ఎదురుగా కుండతో నిలుచున్న స్త్రీ ఉన్న పటం ఎన్నో ఇళ్ళ గోడల మీద కనిపిస్తుంది. అయినా మన సాహిత్య విమర్శ ఈ వృత్తాంతాన్ని కథనంగా పరిశీలించింది తక్కువ. అది బోధకుల సొత్తని విడిచిపెట్టాం. బావిని, మంచినీళ్ళను, అంటరానితనాన్ని ఇతివృత్తంగా చేసుకున్న భారతీయ రచనలు ఎన్నో ఉన్నాయి. వాటిని చదివే విమర్శకునికి ఈ వృత్తాంతం ఎంత దగ్గరిదో, ఎక్కడ వాటితో విభేదిస్తుందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. వర్గాల మధ్య ఉన్న అడ్డుగోడను వ్యక్తుల మధ్య ప్రేమ దాటగలదా అన్న ప్రశ్నకు క్రైస్తవ సాహిత్యం ఇచ్చే జవాబును సాధారణంగా 'ప్రేమించు, ఇవ్వు, సేవచేయి' అన్న వరుసలో అర్థం చేసుకుంటాం. ఈ వృత్తాంతం ఆ వరుసలో మొదలు కాదు. ఇక్కడ మొదటి మాట అడగడం.

కథ సంగ్రహంగా ఇది. క్రీస్తు యూదయ నుంచి గలిలయకు పోతూ సమరయ మీదుగా వెళ్ళి సుఖారు అనే ఊరి దగ్గర యాకోబు బావి వద్ద అలసి కూర్చుంటాడు. మిట్టమధ్యాహ్నం. శిష్యులు తినడానికి ఏమైనా కొనుక్కురావడానికి ఊళ్ళోకి వెళ్ళారు. నీళ్ళు చేదుకోవడానికి వచ్చిన సమరయ స్త్రీని ఆయన దాహం అడుగుతాడు. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని ఆమె ఎదురు ప్రశ్న వేస్తుంది. అక్కడి నుంచి సంభాషణ జీవజలం మీదికి, ఆమె ఐదుగురు భర్తల మీదికి, ఆరాధించవలసిన స్థలం గెరిజీము కొండా యెరూషలేమా అన్న వివాదం మీదికి మళ్ళుతుంది. శిష్యులు తిరిగి వచ్చి, ఆయన ఒక స్త్రీతో మాట్లాడుతుండటం చూసి ఆశ్చర్యపోతారు కాని అడగరు. ఆమె కుండను అక్కడే వదిలి ఊళ్ళోకి వెళ్తుంది. ఊరివాళ్ళు వచ్చి ఆయనను తమతో ఉండమని కోరతారు. ఆయన రెండు రోజులు ఆ ఊళ్ళో ఉంటాడు.

యూదులకు సమరయులకు మధ్య ఉన్న వైరం పరాయివాళ్ళ మధ్య వైరం కాదు, దాయాదుల వైరం. ఇద్దరూ పితరులుగా చెప్పుకునేది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులనే. ఇద్దరికీ మోషే ధర్మశాస్త్రమే ప్రమాణం. సమరయులు పంచకాండాలను తప్ప తక్కిన గ్రంథాలను అంగీకరించలేదు, గెరిజీము కొండను పవిత్ర స్థలంగా భావించారు. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్ది చివర యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ ఆ కొండమీది సమరయుల ఆలయాన్ని నేలమట్టం చేశాడు. సువార్తల కాలానికి ఆ గాయం మానలేదు. యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయంలో క్రీస్తును నిందించదలచినవారు ఆయనను సమరయుడని అంటారు, అంటే ఆ జాతి పేరే తిట్టు. జాతి పేరు తిట్టుగా మారడమంటే ఏమిటో తెలుగువారికి వివరించనక్కరలేదు.

స్త్రీ వేసిన ఎదురు ప్రశ్న వెంటనే, కారణం చెబుతూ కథకుడు ఒక చిన్న వాక్యం చేరుస్తాడు. కొన్ని ప్రాచీన ప్రతులలో ఆ వాక్యం లేదు. ఉన్న ప్రతులలో వాడిన గ్రీకు క్రియ 'సుంఖ్రోంతాయ్'. 'కలిసి' అనే అర్థమిచ్చే ఉపసర్గ, 'వాడుకొను' అనే అర్థమిచ్చే ధాతువు కలిసిన పదమిది. వాడుకలో ఉన్న తెలుగు బైబిలు దీనిని 'సాంగత్యము' అన్న మాటతో అనువదించింది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరు అన్నప్పుడు అది స్నేహానికి, రాకపోకలకు, పరిచయానికి సంబంధించిన మాటగా వినిపిస్తుంది. 1950లో డేవిడ్ డౌబే ఈ క్రియకు 'పాత్రలను కలిసి వాడుకొను' అన్న అర్థాన్ని ప్రతిపాదించాడు. సమరయ స్త్రీలను పుట్టినప్పటి నుంచి ముట్టులో ఉన్నవారిగా భావించాలన్న నియమం మిష్నాలోని నిద్దా ప్రకరణంలో ఉంది. ఆ నియమం ప్రకారం ఆమె పట్టుకున్న కుండ మైలపడినది, ఆ కుండలోని నీళ్ళు తాగినవాడికీ మైల సోకుతుంది. డౌబే ప్రతిపాదనను అందరూ అంగీకరించలేదు. అయినా 1961లో వెలువడిన కొత్త ఆంగ్ల అనువాదమొకటి ఈ అర్థాన్నే మూలపాఠంలోకి తీసుకున్నది.

నా దృష్టిలో డౌబే ప్రతిపాదనకు బలం వ్యుత్పత్తి నుంచి వచ్చినదానికంటే కథ నుంచి వచ్చినదే ఎక్కువ. ఎందుకంటే స్త్రీయే వెంటనే మరో మాట అంటుంది: చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదు, బావి లోతు. అంటే ఆయన తాగాలంటే ఆమె పాత్రలోనే తాగాలి. ఆయన దోసిలి పడితే పైనుంచి పోయించుకునే ఏర్పాటు గురించి ఇక్కడ ప్రస్తావన లేదు. సమాజం కట్టిన గోడ ఈ కథలో కొండంత ఎత్తున లేదు, ఒక కుండ అంచు అంత ఉంది. 'సాంగత్యము' అన్న అనువాదం తప్పు కాదు, కాని అది ఆ కుండను కనబడకుండా చేసింది. అంటరానితనం బావి దగ్గర, పాత్ర దగ్గర, గ్లాసు దగ్గర ఎలా అమలవుతుందో రోజూ చూసిన సమాజానికి, ఆ వివరాన్ని సూటిగా చెప్పగలిగిన వాక్యం ఒక నైరూప్య పదం వెనక్కు పోయింది. ఆ తరవాత మన బోధలలో సాధారణంగా ఈ వృత్తాంతం ఐదుగురు భర్తల కథగా, పాపిని ఉద్ధరించిన కథగా స్థిరపడింది. మూలంలో మాత్రం ఆమెను పాపివని ఎవరూ అనరు, క్షమించామనీ ఎవరూ చెప్పరు.

మన భాషలో దీనికి సరిపోయే వ్యవహారం ఉంది. 'మా ఇంట మంచినీళ్ళు పుచ్చుకుంటారా' అని అడగడం తెలుగునాట మర్యాద మాత్రమే కాదు, కులాల మధ్య హద్దును సున్నితంగా పరీక్షించే ప్రశ్న. అడిగేది ఇచ్చేవాడు, తేల్చవలసినది పుచ్చుకునేవాడు. పుచ్చుకోవడానికి నిరాకరించడంలోనే పెద్దరికం ఉంది. తక్కువగా ఎంచబడినవారి చేతి నీళ్ళు తనంతట తాను అడిగి తాగే పెద్దకులస్థుణ్ణి ఈ మర్యాద ఊహించదు. క్రీస్తు అడిగిన తీరు ఈ మర్యాద వరుసను తలకిందులు చేస్తుంది. ఇచ్చేవాడి హోదా ఆమెకు వచ్చింది, నిరాకరించే హక్కూ ఆమెకే వచ్చింది. ఆమె ఆ హక్కును వాడుకున్నది కూడా, నీళ్ళు ఇవ్వకుండా ముందు కారణం అడిగింది. ఆ తరవాత నీళ్ళు ఇచ్చిందో లేదో, ఆయన తాగాడో లేదో సువార్తికుడు చెప్పనే లేదు. కథకుడు మరిచిపోయాడనుకోలేం. కథ కుండ చుట్టూ తిరిగి, చివరికి ఆ కుండను బావి దగ్గరే వదిలిపెట్టి పోతుంది.

ఇదే దృశ్యం బౌద్ధ సాహిత్యంలోనూ ఉంది. దివ్యావదానంలోని శార్దూలకర్ణావదానంలో ఆనందుడు మాతంగ కన్య ప్రకృతిని నీళ్ళు అడుగుతాడు. తన కులం చెప్పి ఆమె వెనుకాడితే, తాను అడిగింది నీళ్ళనే గాని కులాన్ని కాదంటాడు. ఈ కథనే రవీంద్రనాథ్ ఠాకూర్ 1933లో 'చండాలిక'గా రాశాడు, 1938లో నృత్యనాటికగా మలచాడు. రెండు కథలలోనూ అడగడమే గోడను పగలగొట్టింది. అయితే ప్రకృతిలో మేలుకొన్న ఆత్మగౌరవం ఆనందుని మీది మోహంగా మారి, తల్లి మంత్రశక్తితో అతణ్ణి రప్పించుకోవడం వరకూ పోతుంది. ఠాకూర్ నాటకంలోని విషాదం అక్కడే ఉంది. యోహాను కథలో స్త్రీ ఆయన వెంట పోదు, తన ఊరికి పోతుంది. వ్యక్తిగత సంబంధం ఇద్దరి మధ్యే ఆగిపోతే అది గోడలో ఒక కిటికీ అవుతుందే గాని ద్వారం కాదు. సుఖారువాళ్ళు వచ్చి, ఆయన తమ ఊళ్ళో రెండు రోజులు ఉన్న తరవాత, ఇప్పుడు మేము నమ్మేది నీ మాటను బట్టి కాదు, మేమే విన్నాం అని ఆ స్త్రీతో అంటారు. ఆమె మధ్యవర్తిత్వం పూర్తయింది, తప్పుకున్నది. ఈ భాగాన్ని కొందరు స్త్రీని చిన్నబుచ్చే మాటగా చదివారు. అలా చదవడానికీ అవకాశం ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరాన్ని పరిశీలించాలి. బోట్స్వానాకు చెందిన బైబిలు పండితురాలు మూసా దూబే 1996లో ఈ అధ్యాయాన్ని వలసవాద విమర్శ దృష్టితో చదివింది. పైనుంచి వచ్చిన బాటసారి, ఏమీ తెలియని దానిగా చిత్రించబడిన స్థానిక స్త్రీ, ఆమె ద్వారా ఆమె జాతి మొత్తాన్ని తనవైపు తిప్పుకోవడం - ఇదంతా ఆక్రమణ కథల నమూనా అన్నది ఆమె వాదంలోని సారం. ఈ వాదాన్ని తోసిపుచ్చలేం. నిజమే, దాహం అడిగినవాడు మూడు వాక్యాలు గడవకుండానే, నేనెవరో తెలిస్తే నువ్వే నన్ను అడిగేదానివి అంటాడు. అడిగేవాడు ఇచ్చేవాడైపోయాడు. రక్షణ యూదులలో నుంచే వస్తుందన్న మాట కూడా అదే సంభాషణలో ఉంది.

నేను దూబేతో విభేదించేది ఒక్క విషయంలో. ఈ వృత్తాంతంలో రెండు భంగిమలు ఉన్నాయి, ఒకటి దాహం అడిగిన ఏడవ వచనంలోది, రెండవది జీవజలం ఇస్తానన్న పదవ వచనంలోది. రెండవదాన్ని మొదటిదాని నుంచి విడదీసి చదివినప్పుడే అది ఆక్రమణ కథ అవుతుంది. దాహంతో, చేద లేకుండా, ఆమె కుండ మీద ఆధారపడి కూర్చున్న మనిషి ఇచ్చేది ఒకటి. ఏ దాహమూ లేనివాడు వచ్చి ఇచ్చేది వేరొకటి. క్రైస్తవ మిషన్ల చరిత్ర ఎక్కువగా పదవ వచనం నుంచే మొదలయిందనడం నాకు అతిశయోక్తిగా తోచదు.

ఆ చరిత్రలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక ఘట్టం ఈ చర్చకు అవసరం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అదే సంవత్సరం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం పొందాడు. 1876-78 కరవు కాలంలో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య చరిత్ర గ్రంథాలలో తరచూ కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది తొలి రోజుల నాటి ఒక సంగతి. క్లౌ దగ్గరికి మొదట బోధ వినడానికి వచ్చినవారిలో బ్రాహ్మణులూ ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని వారు చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య ఇద్దరూ వేరువేరుగా బైబిలు తెరిస్తే, లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే ఒకే భాగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం, కనబడిందని ఆయన స్మృతి గ్రంథం చెబుతుంది. 1914లో వచ్చిన ఆ గ్రంథాన్ని ఆయన చెప్పగా రాసింది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. దంపతులు మాదిగల వైపు నిలిచారు. గౌరవించవలసిన నిర్ణయం. అయితే దానివల్ల గోడ కూలలేదు, గోడకు ఏ వైపున నిలబడాలో తేలింది, అంతే.

తరవాత జరిగినది మరింత ఆలోచించదగ్గది. పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. క్రైస్తవ విశ్వాసం ఒంగోలు ప్రాంతంలో వ్యాపించింది ఇలాంటి మనుషుల బంధుత్వాల వెంట, వియ్యపు ఊళ్ళ వెంట. వ్యక్తిగత సంబంధం ఇంత బలంగా పనిచేసిన ఉద్యమం అరుదు. కాని మన సమాజంలో వ్యక్తిగత సంబంధం అంటే ప్రధానంగా కులం లోపలి సంబంధం. మేనమామ, వియ్యంకుడు, ఆడపడుచు - వీరి మధ్య నడిచిన సువార్త కులం హద్దుల దాకా వేగంగా పోయి అక్కడ ఆగింది. అందుకే ఒంగోలు బాప్టిస్టు సంఘం ప్రధానంగా మాదిగల సంఘమైంది, మరికొన్ని చోట్ల మరో మిషను ప్రధానంగా మాలల సంఘమైంది. వ్యక్తిగత సంబంధాలే వర్గ విభేదాలను పోగొడతాయనే మాటను పరీక్షించకుండా ఒప్పుకోలేకపోవడానికి నాకున్న కారణం ఇదే. ఉన్న సంబంధాల వెంట నడిచే ప్రేమ ఉన్న గోడలను గట్టిపరచగలదు కూడా. సుఖారు బావి దగ్గర కలిసినవారు బంధువులు కారు, పరిచయస్థులు కారు. ఆమె పేరు కూడా కథకుడు చెప్పలేదు.

ఎమ్మా క్లౌ 1899లో ప్రచురించిన మరో గ్రంథం ఇక్కడ గుర్తుకు వస్తుంది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకునే కథలన్న అర్థం వచ్చే పేరుతో మాదిగ పెద్దల జ్ఞాపకాలను, గాథలను ఆమె సేకరించింది. మిషనరీ దృష్టి, సంరక్షక భావం దానిలో లేవని అనను. అయినా ఆ గ్రంథం అడగడం మీద నిలబడింది. మీ కథ చెప్పండి అని ఒకరు కూర్చుని వింటే తప్ప అది తయారయ్యేది కాదు.

గోడ సంఘంలోనూ కొనసాగిందనడానికి దూరం పోనక్కరలేదు. ప్రభురాత్రి భోజనంలోని గిన్నె కుండకు వారసురాలు. ఒకే గిన్నెలో తాగడమన్నది క్రైస్తవ ఆరాధనలో కేంద్రం, కులానికి అదే అన్నిటికంటే కఠినమైన పరీక్ష. తమిళ ప్రాంతంలో ఈ ప్రశ్న బహిరంగంగా రాజుకుంది. వేరువేరు ఆసనాలను, కులం పాటింపును సంఘంలో వెంటనే విడిచిపెట్టాలని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో లేఖ పంపితే, తంజావూరు వంటి చోట్ల అగ్రకుల క్రైస్తవులు తిరగబడ్డారు. ఇక బాప్తిస్మం తీసుకున్న దళితునికి ఊరబావి దగ్గర నియమం మారలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మాత్రం మారినట్టే లెక్కకట్టింది.

తెలుగు సాహిత్యంలోకి వస్తే, బావి దగ్గర ఎవరూ దాహం అడగరు. పోయమని అడిగేవారు, పోసేవారు, పోయనివారు ఉంటారు. సంస్కరణ దృష్టితో వచ్చిన రచనలలో పెద్దమనసున్న పైకులస్థుడు నీళ్ళు ఇస్తాడు, గుడిలోకి రానిస్తాడు, సహపంక్తి భోజనం ఏర్పాటు చేస్తాడు. ప్రతి క్రియకూ కర్త అతడే. జాషువ 'గబ్బిలం' (1941) ఈ స్థితిని ఎంత లోతుగా గ్రహించిందో ఇక్కడ చూడాలి. తన మొర కాశీలోని శివునికి వినిపించడానికి ఆ అరుంధతీ సుతునికి దొరికిన దూత ఒక పిట్ట, అదీ అశుభమని లోకం చీదరించుకునే పిట్ట. పూజారి దగ్గర లేని సమయం చూసి చెప్పమనడంలోని వ్యంగ్యం అందరికీ తెలిసినదే. నాకు దానికంటే ముందున్నది ముఖ్యంగా తోస్తుంది: అతని గుడిసెలోకి ఒక మనిషి రాడు. బావి గట్టున దాహం అడిగే బాటసారి లేని చోట, గబ్బిలమే బాటసారి కావలసి వచ్చింది. 1958లో 'క్రీస్తు చరిత్ర' రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన కవికి సమరయ బావి కథ తెలియనిది కాదు. తెలిసిన కవి 'గబ్బిలం'లో అలాంటి సమాగమాన్ని కల్పించలేదంటే, చూసిన లోకం దానికి చోటివ్వలేదనే నేను అర్థం చేసుకుంటాను.

ప్రేమ్‌చంద్ 'ఠాకుర్ కా కువా' (1932) ఇందులో రెండవ మెట్టు. దళితుల బావిలో ఏదో జంతువు చచ్చి పడి నీళ్ళు కంపుకొడుతుంటాయి. జబ్బుతో ఉన్న జోఖూ కోసం గంగీ రాత్రివేళ ఠాకూరు బావికి పోతుంది. చప్పుడు విని ఠాకూరు తలుపు తెరవగానే చేతిలోని తాడు జారిపోతుంది, పరుగెత్తి ఇల్లు చేరుతుంది. జోఖూ ఆ మురికి నీళ్ళే తాగుతుంటాడు. ఇక్కడ అడగడానికీ అవకాశం లేదు, దొంగిలించడానికీ లేదు.

కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథను దీని పక్కన పెట్టి చదవాలి. అవమానపడిన దళిత స్త్రీ పశువు కళేబరాన్ని ఊరబావిలోనే పడవేస్తుంది. కథలో ఇతర విషయాలు అలా ఉంచి ఆ ఒక్క చర్యను చూస్తే, ప్రేమ్‌చంద్ కథలో దళితుల బావిలో ఉన్న కళేబరం ఇక్కడ ఊరి బావిలోకి చేరింది. మైల అనేది పుట్టుకతో వచ్చేదైతే, ఆ మైలను నీళ్ళలో కలిపి అందరికీ సమంగా పంచిందామె. తీవ్రమైన చర్య, కొందరు పాఠకులు వెగటు పడేది కూడా. గుంటూరు జిల్లా వేజెండ్లలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన రచయిత ఈ కథ రాయడం ఆలోచింపజేస్తుంది. సువార్తలోని స్త్రీకి దాహం అడిగినవాడు దొరికాడు, కాబట్టి ఆమె మాటతో ఎదిరించింది. ఈ స్త్రీని అడిగినవాడు లేడు, ఆమె మాట వినేవాడూ లేడు. ఇద్దరిదీ ఒకే ప్రశ్న: నన్ను ఏమనుకుని నా దగ్గరికి వచ్చావు? 'ఊరబావి'ని ద్వేషపు కథగా, సువార్త వృత్తాంతాన్ని ప్రేమ కథగా విడదీసే పఠనం ఈ పోలికను చూడదు.

కథల బయట కూడా ఇదే జరిగింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో దళితులు చౌదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు వారు ఎవరినీ అడగలేదు, హక్కుగా తీసుకున్నారు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మంచినీటి చెరువును అపరిశుభ్రం చేయవద్దన్నందుకు మొదలైన గొడవలో, కొట్టబోయిన చేతికి అడ్డంగా తన బిందెను ఎత్తిన దళిత స్త్రీ పేరు సువార్త. మరునాడు, 17వ తేదీన, జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. ఆ సంవత్సరమే దళిత మహాసభ ఏర్పడింది. తెలుగు దళిత సాహిత్యం ఉద్యమ రూపం తీసుకోవడానికి ఈ ఘటన ఎంత కారణమో సాహిత్య చరిత్రకారులు చెప్పి ఉన్నారు. నేను చూసేది ఆ బిందెను. సుఖారులో నీళ్ళ కోసం తెచ్చిన పాత్ర సంభాషణకు కారణమైంది. ఇక్కడ అదే పాత్ర డాలు కావలసి వచ్చింది. చెరువు దగ్గరికి వచ్చినవారికి నీళ్ళు అవసరమే, కాని ఆ నీళ్ళు తాగేవారితో అవసరం లేదనుకున్నారు.

కాబట్టి క్రైస్తవ ప్రేమ వర్గ విభేదాన్ని దాటుతుందన్న మాటకు ఈ అధ్యాయం ఒక షరతు పెడుతున్నది. పైమెట్టు మీద ఉన్నవాడు నిజమైన దాహంతో రావాలి, అవతలివారి పాత్రలో తాగడానికి సిద్ధపడాలి, నిరాకరణను, ఎదురు ప్రశ్నను, వాదాన్ని వినాలి. క్రీస్తు గెరిజీము వాదాన్ని తప్పించుకోలేదు. పాత గాయం గురించి ఆమె మాట్లాడుతుంటే, అది ఇప్పుడెందుకని అనలేదు. మన సయోధ్య ప్రసంగాలలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే, చరిత్రను పక్కన పెట్టి చేతులు కలపమంటాం. లూకా సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఒక సమరయ గ్రామం తమను చేర్చుకోకపోతే ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామా అని అడిగిన ఇద్దరు శిష్యులలో యోహాను ఒకడు. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఫిలిప్పు బోధ తరవాత సమరయ విశ్వాసుల కోసం ప్రార్థించడానికి పేతురుతో కలిసి వెళ్ళినవాడూ యోహానే. ఈ రెంటికీ నడుమ ఆ శిష్యుల జీవితంలో వచ్చిన మార్పును సువార్తలు ఎక్కడా వర్ణించలేదు. సుఖారులో గడిపిన రెండు రోజులు అందులో ఉన్నాయని ఊహించవచ్చు. సమరయుల ఇళ్ళలో, సమరయుల కంచాలలో రెండు రోజులు తినకుండా ఉండలేరు కదా. శిష్యులు కొనితెచ్చిన ఆహారం గురించి కథకుడు చెప్పాడు, ఈ భోజనాల గురించి చెప్పలేదు.

చివరగా అనువాదం సంగతి. తెలుగులో 'కంచం పొత్తు', 'మంచం పొత్తు' అన్న వ్యవహారం ఉంది. ఎవరితో కలిసి తింటాం, ఎవరితో వియ్యమందుతాం అన్న రెండు హద్దులనూ ఈ ఒక్క 'పొత్తు' అన్న మాట పట్టుకుంటుంది. గ్రీకు క్రియలోని 'కలిసి', 'వాడుకొను' అన్న రెండు అంశాలూ ఇందులో ఇమిడి ఉన్నాయి. డౌబే అర్థాన్ని అంగీకరించే అనువాదకుడు యూదులకు సమరయులతో పాత్రల పొత్తు లేదని రాయవచ్చు. అంగీకరించనివాడు 'సాంగత్యము'నే ఉంచి, ఆ అర్థాన్ని అధోజ్ఞాపికలో ఇవ్వవచ్చు. ఏ విధంగా చేసినా, ఆ వాక్యం చదివిన తెలుగు పాఠకుడికి బావి గట్టున ఉన్న కుండ కనబడాలి.